రీలు చివర మిగిలినవి

"ఎలాగూ కొత్త ఫిల్ము డబ్బా వచ్చిందిగా, ముందు మా తమ్ముడి షాపు ప్రారంభం తీసిపెట్టు. మిగిలింది నీ సినిమాకి వాడుకో," అన్నాడు భర్త చెయ్యి కడుక్కుంటూ. అందరి భోజనాలూ అయ్యాక, గిన్నె అడుగున ఉన్న కూరని గరిటెతో గోకి తన కంచంలో వేసుకుంటోంది ఆవిడ. ఆ మాటకి గరిటె ఆగింది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇన్నేళ్ల కాపురాన్ని ఒక్క ముక్కలో ఇంత చక్కగా చెప్పడం ఆయనకి కూడా ఇంతకుముందు చేతకాలేదు.

ఆవిడ కాపురానికొచ్చేసరికి ఆయనకి వీధి మలుపులో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కెమెరా ఆయనది, బోర్డు మీద పేరూ ఆయనదే. ఫిల్ము కడగడం, ప్రింట్లు వెయ్యడం, పెళ్లికూతుళ్ల మొటిమల్ని సన్నటి కుంచెతో మాయం చెయ్యడం మాత్రం ఆవిడ వంతు. పొయ్యి మీద కుక్కరు పెట్టి చీకటి గదిలోకి దూరేది. ఎర్ర బల్బు కింద ట్రేలో మొహాలు తేలుతుంటే, చెవి మాత్రం కుక్కరు కూతల మీదే ఉండేది. వీధి మొత్తానికీ ఆవిడ డార్క్‌రూమక్క. "అయ్యగారి చెయ్యి భలే చెయ్యండీ" అని ప్రింట్లు చూసి మెచ్చుకునేవాళ్లు. ఆయన కాదనేవాడు కాదు. పాపం, మొహమాటం.

రీలు సగంలో తీసి కడిగితే ఫిల్ము దండగ. అందుకని పెళ్లి తీసొచ్చాక చివర్లో రెండో మూడో ఫ్రేములు మిగిలితే, "ఏదో ఒకటి నొక్కేసెయ్" అని కెమెరా ఆవిడ చేతిలో పెట్టేవాడు. ఆవిడ ఏదో ఒకటి నొక్కలేదు. ఆ రెండు ఫ్రేముల కోసం పొద్దుటి నుంచీ ఇల్లంతా కళ్లతో ఏరుకునేది. ఆరేసిన దుప్పటి వెనక నీడ, సబ్బు నురగలో తన చేతులు, మధ్యాహ్నం నోరు తెరుచుకుని నిద్రపోతున్న అత్తగారు.

ఆ అత్తగారి ఫొటోయే ఒకసారి కొంప ముంచబోయింది. కళ్లజోడు పెట్టుకోకుండా ఆల్బం అంటిస్తూ, పెళ్లికూతురి అమ్మమ్మ అనుకుని దాన్ని కూడా అంటించేశాడు భర్త. వారం తిరక్కుండా పెళ్లికూతురు ఆల్బం చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఆయన తప్పైపోయిందని మొదలుపెడుతుంటే, "ఇందులో ప్రాణమున్న ఫొటో ఇదొక్కటేనండీ. ఎవరు తీశారు?" అంది.

"మా ఆవిడ. పనిలేక," అన్నాడాయన.

ఆ అమ్మాయి సినిమాలు తీసే కంపెనీలో ఎడిటర్. ఆమె పిలిస్తేనే డార్క్‌రూమక్క సినిమా కెమెరా పట్టింది. "మరి వంటెవరు చేస్తారు?" అని ఇల్లు ఎగిరిపడింది. వంట చేసి పెట్టే వెళ్లింది. ఎవరెవరి షూటింగుల్లోనో మిగిలిపోయిన ఫిల్ము ముక్కలు అడిగి తెచ్చుకుని, వాటితోనే చిన్న చిన్న సినిమాలు తీసింది. వాటికి పేరొచ్చింది. "మీ షాట్లు అలా చటుక్కున ఆగిపోవడం గొప్ప శైలండీ" అని పెద్దపెద్దవాళ్లు పొగుడుతుంటే లోలోపల నవ్వుకునేది. శైలీ లేదు, పాడూ లేదు. ఫిల్ము అయిపోయేది.

ఇప్పుడు ఫిల్ము మీద తీసేవాళ్లే కరువయ్యారు. మొన్న ఆ ఎడిటరే సీలు తియ్యని డబ్బా ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టి, "అక్కా, ఇది మొదటి అంగుళం నుంచీ నీదే," అంది. నిండా పది నిమిషాలు వస్తే గొప్ప. అయినా ఆవిడ జీవితంలో ఒక రీలుకి మొదలు చూడడం ఇదే మొదటిసారి. ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన దాచుకుంది. తలుపు తీసినప్పుడల్లా దాన్ని ఒకసారి ముట్టుకుంటోంది. హాయిగా ఉంటోంది.

"ఏమంటావ్?" అన్నాడు భర్త, తువ్వాలుకి చెయ్యి తుడుచుకుంటూ.

"రేపు పొద్దున అత్తయ్యగారు కిటికీ దగ్గర జుట్టు దువ్వుకుంటారు కదండీ. అక్కడ మొదలుపెడతాను."

మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఈసారి నోరు మూసుకునే ఉంటాలేవే!"

ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వు ముందు ఆగింది. "అయితే తమ్ముడి షాపు సంగతేంటి?"

ఆవిడ గిన్నె సింకులో పెట్టి, అడుగంటినదాని మీద నీళ్లు వదిలింది.

"మిగిలితే తీస్తానండీ."