గుండానికి గేటు

కాపలావాడు బూటుకాలితో తన్నిన సొరకాయ బుర్ర మెట్ల మీద దొర్లుకుంటూ పోయి గుండంలో పడింది. దాని వెనకే క్రెసెన్సియో తాత కూడా జారి, సున్నపురాతి గోడ పట్టుకుని ఆగాడు. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు కారింది.

"టికెట్టు లేకుండా లోపలికెట్లా వచ్చావు ముసలాయనా? నీళ్ళు కావాలంటే ఇంట్లో కుళాయి లేదా?"

"కుళాయి నీళ్ళు వాన పూజకు పనికిరావు నాయనా. ఈ గుండం లోపలి గుహ మూలన ఎవరి చెయ్యీ పడని నీళ్ళుంటాయి. ఒక్క బుర్ర ముంచుకుని పోతాను."

"పోతావులే. ఉత్త చేతుల్తో పో."

నారింజరంగు జాకెట్లు తొడుక్కుని నీళ్ళలో తేలుతున్న యాత్రికులు ఫోన్లెత్తి ఇదంతా వీడియో తీస్తున్నారు. తాత మోకాళ్ళ మీద లేవబోతుంటే వాళ్ళలో ఒకామె చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి పక్కవాళ్ళూ కొట్టారు. టికెట్టులో కలిపి చూపించే నాటకమే అనుకున్నారు పాపం.

పైన వంటపాక కిటికీలోంచి డెల్ఫీనా చూసింది. ఆ తన్నుకంటే ఈ చప్పట్లకు ఎక్కువ మండింది ఆమెకు. చేతిలో పిండిముద్ద నలిగి వేళ్ళ సందుల్లోంచి బయటికొచ్చింది.

చుంకాబ్ ఊళ్ళో జులై వెళ్ళిపోతున్నా చినుకు లేదు. మొక్కజొన్న మోకాలెత్తులోనే ఆగి ఆకులు చుట్టుకుపోయింది. వానదేవుడు చాక్‌ను పిలవాలంటే గుండం నీళ్ళే కావాలి, అది తాతల నాటి నుంచీ ఉన్నదే. కానీ యాత్రల కంపెనీ నడిపే ఎవరార్దో దొర, ఊరి ఉమ్మడి భూములకు పెద్ద అయిన ఉర్బనో చేత కౌలుకాగితం మీద సంతకం పెట్టించుకుని గుండం చుట్టూ కంచె వేశాడు, గేటు పెట్టాడు. సముద్రం ఒడ్డు హోటళ్ళ నుంచి బస్సులు పొద్దున పాత గుళ్ళ శిథిలాల దగ్గరికీ, ఎండెక్కాక గుండానికీ వస్తాయి. జనం ఈతకొట్టి, తిని, చీకటి పడకముందే పోతారు. ఊరివాళ్ళకు అక్కడ రొట్టెలు కాల్చే పని ఉంది, మరుగుదొడ్లు కడిగే పని ఉంది, మెట్ల దగ్గర యాత్రికులు దిగేటప్పుడు తాడు పట్టుకునే పని ఉంది. నీళ్ళలో కాలు పెట్టే హక్కు మాత్రం లేదు.

కాసేపటికి నజారియో తన బస్సు జనాన్ని భోజనాలకు తోలుకొచ్చాడు. అతను డెల్ఫీనా మరిది, గుళ్ళ దగ్గర గైడు. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఆమె అతన్ని నిలదీసింది.

"మీ తాతను మెట్ల మీద పడేశారురా."

"విన్నాను వదినా."

"విని? నవ్వుకుంటూ రొట్టెల్లోకి మిరపకాయ పచ్చడి వడ్డిస్తున్నావా? పొద్దున గుడి దగ్గర వీళ్ళకేం చెప్పావు?"

"రోజూ చెప్పేదే. కంపెనీవాళ్ళు నేర్పిందే." నజారియో తల దించుకున్నాడు. "ఈ గుళ్ళు కట్టిన మాయావాళ్ళు వెయ్యేళ్ళ కిందట మాయమైపోయారు, ఎటుపోయారో ఎవరికీ తెలీదు, అదో పెద్ద రహస్యం అని."

"ఎటు పోయాంరా? వంటింట్లోకి పోయాం! వీళ్ళ దొడ్లు కడగడానికి పోయాం! మీ అన్న వీళ్ళ హోటళ్ళకు ఇటుకలు మొయ్యడానికి పోయాడు!"

పొయ్యిముందు కూర్చున్న లావుపాటి బాసిలియా పెద్దమ్మ పకపకా నవ్వింది. "నన్ను మాయం చేసే మొనగాడెవడమ్మా, ఈ ఒంటితో?" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కిందనుంచి తాతను ఇద్దరు మోసుకొస్తున్నారు.

ఆదివారం పొద్దున ఊరి కచేరి వసారాలో సభ పెట్టారు. భూమి హక్కున్న మగవాళ్ళకు బల్లలు, ఓటు. ఆడవాళ్ళకు కిటికీ అవతల ఎండ. ఎవరార్దో దొర తెల్లచొక్కా వేసుకుని తనే వచ్చాడు. మొహం నిండా నవ్వు.

"తప్పు జరిగింది. ఆ కాపలావాణ్ణి తీసేశాను," అన్నాడు. "మీ పూజకు నేను అడ్డమా? నేనే జరిపిస్తా. ఒక్కసారి కాదు, రోజూ. పదకొండింటికి బస్సులొచ్చే వేళకు. ఈకల కిరీటాలు నేనిస్తా, డప్పులు నేనిస్తా. పెద్దాయనకు నెల జీతం."

ఉర్బనో చప్పట్లు కొట్టాడు. మరికొందరు కూడా కొట్టబోయి, తాత లేవడం చూసి ఆగిపోయారు. తాత చేతికి కట్టు ఉంది.

"రోజూ పిలిస్తే దేవుడు పలుకుతాడా దొరా? రోజూ పిలిస్తే నా పెళ్ళామే పలకదు." వసారా గొల్లుమంది. తాత నవ్వలేదు. "మీ తాత కిత్తనార తోటలో మా అయ్య వీపు చీరేశాడు. కోసిన ఆకుల కట్ట తక్కువైందని స్తంభానికి కట్టించి కొట్టించాడు. అంత దుర్మార్గుడు కూడా మా దేవుణ్ణి జీతానికి పెట్టుకుంటాననలేదు. నువ్వు వాడికంటే మించినోడివి."

దొర మొహంలో నవ్వు పోయింది. "కౌలుకాగితం ఉంది. చట్టం ఉంది. ఇష్టం లేకపోతే రేపటినుంచి పన్లోకి రావద్దు. పక్కూరి నుంచి తెచ్చుకుంటా," అని కారెక్కి పోయాడు.

దుమ్ము అణగక ముందే కేకలు మొదలయ్యాయి. తాడు పట్టుకునే మాక్సిమో బల్ల మీద గుద్దాడు.

"పౌరుషం బాగానే ఉంది! గేటు మూస్తే నా పిల్లలకు ఎవడు పెడతాడు? చేలో ఏముంది, పీకి తినడానికి?"

"ఏమీ లేదు కాబట్టే కదా నువ్వు దొర గేటు దగ్గర నిలబడ్డావు!" కిటికీలోంచి డెల్ఫీనా అరిచింది. ఆ తర్వాత కిటికీ చాలదనిపించి చుట్టూ తిరిగి లోపలికే వచ్చింది. వెనకే బాసిలియా పెద్దమ్మ, ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు.

"నీకు ఓటు లేదు. బయటికి నడు," అన్నాడు ఉర్బనో.

"నీ ఓటెవడిక్కావాలి ఉర్బనో బాబాయ్? నువ్వేసిన ఓటుకే కదా గుండానికి కంచె పడింది. అన్నా మాక్సిమో, విను. మన చేలు పండితే దొరకు కూలీలు దొరుకుతారా? మన చేను ఎండితేనే ఆయన వ్యాపారం పచ్చగా ఉంటుంది. రేపు పక్కూరివాళ్ళను తెస్తాడట. వాళ్ళ చేలూ ఎండాయి కాబట్టి వస్తారు. వాళ్ళనీ మననీ ఒకళ్ళమీదికి ఒకళ్ళను ఉసిగొల్పి, పైన కూర్చుని లెక్క చూసుకుంటాడు. ఎన్నాళ్ళిట్లా?"

"ఏం చేద్దామంటావు మరి?"

"రేపు వంటపాకలో పొయ్యి రాజెయ్యం. తాడు పట్టకు నువ్వు. బస్సు తోలేవాళ్ళు మన అల్లుళ్ళే, తోలొద్దని చెప్తాం. మగవాళ్ళు దిగి పూజ చేసుకోండి."

"పూజ దగ్గరికి ఆడవాళ్ళు రాకూడదు, అది ఆచారం," అని ఎవరో గొణిగారు.

"మేమెవరం రాం. మాకేం సరదానా? మేం పైన గేటు దగ్గర ఉంటాం. మీరు దేవుడితో మాట్లాడండి, మేం పోలీసులతో మాట్లాడతాం."

తాత ఆమె వైపు తిరిగాడు. "ఇద్దరిలో దేవుడితో పనే తేలిక," అన్నాడు.

ఓటింగు జరగలేదు. ఉర్బనో కాగితాలు సర్దుకునేసరికి వసారాలో అతనొక్కడే ఉన్నాడు.

మర్నాడు అల్లుళ్ళలో కొందరు మాట నిలబెట్టుకున్నారు. కొందరు భయపడి బస్సులు తెచ్చారు. గుళ్ళ దగ్గర నజారియో తన గుంపును పెద్ద పిరమిడ్ నీడలో నిలబెట్టాడు. రోజూ చెప్పేది మొదలుపెట్టి సగంలో ఆపేశాడు.

"నేను మీకిన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. ఈ గుళ్ళు కట్టినవాళ్ళు ఎక్కడికీ పోలేదు. నేను వాళ్ళ మనవణ్ణి. మొన్న మీవాళ్ళు చప్పట్లు కొట్టింది మా తాత నెత్తురు చూసి. ఈరోజు గుండంలో ఈత లేదు. మావాళ్ళు వాన కోసం మొక్కుకుంటున్నారు."

ఒకాయన డబ్బులు తిరిగి ఎవరిస్తారని అడిగాడు. ఒక ముసలావిడ టోపీ తీసి చేత్తో పట్టుకుని బస్సెక్కి కూర్చుంది. నజారియో మెడలోని కంపెనీ బిళ్ళ తెంపి అక్కడే పారేసి ఊరివైపు పరుగెత్తాడు.

అప్పటికే చుంకాబ్ మొత్తం గేటు దాటింది. తాళం మాక్సిమోనే పగలగొట్టాడు. కింద గుండం అంచున కొమ్మలతో ఎత్తుపీటలా పందిరి వేసి, దాని మీద మొక్కజొన్న రొట్టెలు, తేనెకల్లు పెట్టారు. పందిరి కాళ్ళ దగ్గర కూర్చున్న పిల్లలు వానను పిలిచే కప్పల్లా బెకబెకమంటుంటే ఆ చప్పుడు రాతి గోడలకు తగిలి పైదాకా వచ్చింది. తాత గొంతు దాని మీదుగా పాత మాటల్లో చాక్‌ను పిలుస్తోంది.

పైన ఆడవాళ్ళు పూలు కుట్టిన తెల్లగౌన్లు వేసుకుని చేతులు గొలుసు కట్టి నిలబడ్డారు. లాఠీలతో తోసుకుంటూ పోలీసులు వచ్చారు. వెనక కార్లో దొర, ఉర్బనో.

"దారి వదలండి. ఇది కంపెనీ స్థలం."

"కంపెనీ ఎప్పుడు పుట్టింది బాబూ?" అడిగింది బాసిలియా పెద్దమ్మ. "ఈ గుండం పుట్టినప్పుడు మంత్రసాని ఎవరో చెప్పమను మీ దొరను."

లాఠీ మొదట ఆమె భుజానికే తగిలింది. ఆమె కూలబడిపోతుంటే రెండువైపులా ఉన్నవాళ్ళు పైకి లేపి పట్టుకున్నారే తప్ప చేతులు విడవలేదు. డెల్ఫీనా పెదవి చిట్లింది. పళ్ళ మధ్య ఉప్పగా నెత్తురు. ఆమెకు భయం వేసింది, నిజంగానే వేసింది. కానీ పక్కామె చెయ్యి జారబోతుంటే దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. అట్లా పట్టుకోవడంలోనే తన భయం తగ్గింది. నజారియో రొప్పుకుంటూ వచ్చి ఆ వరసలో జొరబడ్డాడు. ఆడవాళ్ళ మధ్య ఒక్క మగవాడు.

కింద తాత గొంతు ఆగేదాకా వరస తెగలేదు. పూజ పూర్తయింది. మగవాళ్ళు మెట్లెక్కి పైకి రావడం చూసి పోలీసులు వెనక్కి తగ్గారు. తగ్గుతూ తగ్గుతూ చేతికందిన డెల్ఫీనాను, నజారియోను జుట్టు పట్టి లాగి, బేడీలు వేసి బండిలో పడేసి తలుపేసుకున్నారు. రాళ్ళు లేచేలోపే బండి కదిలిపోయింది.

దారంతా ఎర్రదుమ్ము. ఆకాశంలో మేఘం ముక్క లేదు. పోలీసు అధికారి ముందు సీట్లోంచి తిరిగి చూశాడు.

"ఏం ఒరిగిందే నీకు? రేపు మళ్ళీ గేటుకు తాళం వేస్తారు. పక్కూరివాళ్ళు పన్లోకి వస్తారు."

డెల్ఫీనా రోడ్డు వంక చూసింది. ఆ పక్కూరే ముందు కనపడుతోంది, యాష్‌లుం. బండి వేగం తగ్గింది. ఆగిపోయింది. రోడ్డుకడ్డంగా రాళ్ళు పేర్చి ఉన్నాయి. రాళ్ళకు ముందు జనం కూర్చున్నారు. ఆడవాళ్ళు, పొలం కత్తులు ఒళ్ళో పెట్టుకున్న మగవాళ్ళు, ఉదయం దొర కూలీల కోసం పంపిన ఖాళీ బస్సు, దాని డ్రైవరు కూడా.

అధికారి హారన్ కొట్టించాడు. ఎవరూ లేవలేదు.

"ఎవరే వీళ్ళు? నీ చుట్టాలా?"

"కాదు." డెల్ఫీనా కిటికీ జాలీలోంచి చూసింది. "ఒక్కరి పేరూ తెలీదు నాకు."

గుంపులోంచి ఒక పొడుగాటి ఆవిడ లేచి నేరుగా బండి దగ్గరికి వచ్చింది. పోలీసుల వంక చూడనైనా చూడలేదు. జాలీకి మొహం ఆనించి, లోపలున్న డెల్ఫీనా చిట్లిన పెదవిని చూసింది.

"మా గుండానికీ కంచె వేస్తున్నారక్కా," అంది. "మీ సంగతి ఈ డ్రైవరు చెప్పాడు. మీరెట్లా మొదలుపెట్టారో మాకు చెప్పాలి. చెప్పేదాకా ఈ బండి కదలదు."

అధికారి ఇంజను ఆపేయమన్నాడు. రోడ్డు మీది జనం లేచి బండి చుట్టూ మూగారు. డెల్ఫీనా బేడీలు వేసిన చేతుల్తో నెత్తురు తుడుచుకుని, అందరికీ వినపడేట్టు గొంతెత్తింది.