చూసినవారు ఎంతమంది

"ఎట్టాగూ కిటికీ దగ్గరే గదా ఉంటావు, ఆ పక్షుల్నైనా లెక్కపెట్టు" అన్నాడు నయీమ్ నవంబరులో ఒకరోజు, భార్య గిన్నెలు తోముతుంటే. ఎగతాళికే అన్నాడు. సైదున్నీసా నిజంగానే మొదలుపెట్టింది. దుబాయి దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో వాళ్ళ వంటింటి కిటికీ కింద సముద్రపు పాయ, చలికాలమంతా అందులో ఫ్లెమింగోలు. పులికాట్ ఒడ్డున పుట్టిపెరిగిన మనిషికి వాటిని లెక్కపెట్టడం ఇంకొకరు నేర్పాలా!

కింది ఫ్లాటులో ఉండే సైన్సు టీచరు సుభాషిణి ఆమెను పక్షులు చూసేవాళ్ళ గ్రూపులో చేర్చి, ఫోనులో ఫారం నింపడం చూపించింది. అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున ఒక దోసె కాలేలోపు ఎడమ గుంపు, రెండోది కాలేలోపు కుడి గుంపు. దోసె మాడితే నయీమ్ "ఇక నీ పక్షుల్నే వండి పెట్టు" అనేవాడు. ఇంట్లో పని తక్కువైనట్టుందని నెల్లూరు నుంచి అత్త ఫోనులో దెప్పేది. తక్కువైతే బాగుండునని ఈమె మనసులో అనుకుని, పైకి నవ్వేసేది. ఎవరేమన్నా ఆ పది నిమిషాలూ ఆమెవి. వాటికోసం శుక్రవారం నుంచే ఎదురుచూసేది.

పన్నెండో శనివారం లెక్క అప్పుడే అయింది, సుభాషిణి పైకొచ్చింది. సాయంత్రంలోగా దిద్దకపోతే సైదున్నీసా పంపిన పదకొండు వారాల లెక్కలూ తీసేస్తారట.

"చూసినవారు ఎంతమంది అన్నచోట అన్ని వారాలూ సున్నా వేశారండీ. చూసినవాళ్ళే లేని లెక్క ఎలా తీసుకుంటారు?"

"ఎవరూ రాలేదు గదక్కా. నేనొక్కదాన్నే ఉన్నా."

సుభాషిణి నవ్వలేదు. ఆమె వెళ్ళాక సైదున్నీసాకు ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్ళు మండింది. తలుపు కొట్టి ఇంట్లో ఎవరున్నారని అడిగితే, నయీమ్ లేనప్పుడల్లా "ఎవరూ లేరు" అనే చెప్పింది పదమూడేళ్ళుగా. తలుపు తీసి, ఎదురుగా నిలబడి మరీ చెప్పింది. వినేవాళ్ళు కూడా సరేనని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కరికైనా అదేం మాట అనిపించలేదు, తనకూ అనిపించలేదు. పొయ్యి ఆపేసి కూర్చుని, పదకొండు వారాలూ దిద్దింది. ఒక్కో సున్నా చెరిపి ఒకటి వేస్తుంటే ఒళ్ళు తేలికపడింది. చివరికొచ్చేసరికి తనలో తనే నవ్వుకుంది.

పన్నెండో ఫారం తెరిచింది. సోఫాలో పడుకుని అంతా విన్న నయీమ్ మంచిగానే అన్నాడు, ఫోను మీంచి తలెత్తకుండా.

"ఈ వారం ఇద్దరని వెయ్యి. నేనూ ఇంట్లోనే ఉన్నా గదా."

ఆమెకు కోపం రాలేదు.

"కింద ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది.

"ఏవి?" అన్నాడు నయీమ్.

సైదున్నీసా ఒకటి వేసి పంపేసింది.