టార్చి పట్టుకునే మనిషి

"నేను ఇంట్లో లేనప్పుడు ప్లంబర్ని పిలవకు. నేనున్నప్పుడు చూద్దాం," అన్నాడు ముదస్సిర్, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

ఆయన ఇంట్లో ఉండేదెప్పుడని? పొద్దున్నే పర్చూరులో బస్సెక్కి గుంటూరు మిర్చి యార్డుకి పోతాడు. అక్కడో కమీషన్ కొట్లో గుమాస్తా. సీజను కదా, ఇల్లు చేరేసరికి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ కూడా దాటిపోతుంది. పోనీ ఆదివారం ఉంటాడా అంటే, ఆదివారం ప్లంబరు రాడు. ప్లంబరు దొరికిన రోజు మొగుడు దొరకడు, మొగుడు దొరికిన రోజు ప్లంబరు దొరకడు. వీళ్ళిద్దరికీ ముహూర్తం కుదిరేలోపు బాత్రూంలో ఫ్లష్ ట్యాంకుకి నీళ్ళెక్కే పైపు మాత్రం తన మానాన తను కారుతూనే ఉంది. మిరపనారు వేసే రోజుల్లో మొదలైన కారుడు, కాయ ఎర్రబడి కళ్ళాల్లోకి వచ్చినా ఆగలేదు.

ఆయన వీధి మలుపు తిరగ్గానే నజ్మీన్ నైటీ ఎగదోపుకుని, గుడ్డ తీసుకుని మళ్ళీ బాత్రూం నేల మీద కూలబడింది.

కారేది ఎంతని, చుక్కే. మగవాళ్ళ లెక్కలోకి అసలు రాదు. పైపు కింద పెట్టిన పెరుగు డబ్బా నిండుతుంది, పొర్లుతుంది, నేలంతా చిత్తడవుతుంది. అత్తగారు నసీమున్నీసాకి ఐదు పూటలా నమాజు తప్పదు. "పైపులో ఉన్నంతసేపూ పాక్ నీళ్ళే, శుభ్రమైనవేనమ్మాయ్, నేల మీద పడ్డాక ఎవరికి తెలుసు? కాలిమీద చింది చీరకంటితే నా నమాజు ఏం కాను?" అని ఆవిడ అనుమానం. అనుమానం ఆవిడది, తుడుపు కోడలిది. అజాన్ వినపడితే వీధిలో అందరికీ అల్లా గుర్తొస్తాడు, నజ్మీన్‌కి గుడ్డ గుర్తొస్తుంది. తౌబా తౌబా అనుకుంటుంది గానీ, నిజం అదే మరి.

ఏ మాటకామాట, ముదస్సిర్ ప్రయత్నించలేదని కాదు. ఒక ఆదివారం స్పానరు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. తెల్ల టేపు చుట్టి నట్టు బిగించాడు. ఆగలేదు. ఇంకాస్త చుట్టాడు, ఇంకాస్త బిగించాడు. మరో ఆదివారం దాని మీద సైకిల్ ట్యూబు ముక్క కట్టాడు. దెబ్బ తగిలిన మోకాలికి కట్టినంత లావు కట్టు! దాంట్లోంచీ చుక్క. "ఈ బాత్రూం కట్టినవాడిదే తప్పు," అని తేల్చేసి, స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టమన్నాడు.

ఎప్పటికైనా ఆగకపోతుందా అని నజ్మీన్ కూడా ఓర్చుకునేదే. కానీ మధ్యలో ఒంగోలు నుంచి ఆ ఫోను వచ్చింది.

పెళ్ళికి ముందు కుట్టు నేర్పిన జయకుమారి టీచరు. ఇప్పుడు ఒంగోల్లో స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్ చూస్తోంది. నంబరు ఎలా సంపాదించిందో, "నజ్మీన్! నీ కటింగు నాకింకా గుర్తుందే. కొత్తగా చేరే అమ్మాయిలకి నేర్పే మనిషి కావాలి. సోమవారం నుంచి రాగలవా? బుధవారం రాత్రిలోపు చెప్పు, లేదంటే ఇంకొకరిని చూసుకుంటా," అంది.

ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఆ పిలుపుకే నజ్మీన్‌కి కళ్ళనీళ్ళొచ్చాయి. ఈ ఇంట్లో ఆమె అత్తగారికి అమ్మాయ్, మొగుడికి ఇదిగో, కూతురి బళ్ళో టీచరుకి సిద్దికా వాళ్ళమ్మ. నజ్మీన్ అని ఒక మనిషి ఉందని ఎక్కడో ఒంగోల్లో ఒకావిడకి గుర్తుంది. ఆ రాత్రి మొగుడికి అన్నం వడ్డిస్తూ చెప్పింది. ఆయన కాదనలేదు. కాదంటే పోట్లాడొచ్చు. "వెళ్దువుగానిలే, ఎవరొద్దన్నారు? ముందు ఆ పైపు సంగతి తేలనీ. ఇల్లు ఈ అవతారంలో పెట్టుకుని ఊళ్ళు తిరిగితే అమ్మకి ఎవరు తుడుస్తారు? తర్వాత చూద్దాం," అన్నాడు. చూద్దాం అన్న మాటతో ఎవరైనా ఏమని పోట్లాడతారు?

ఇవాళే బుధవారం.

గుడ్డ పిండుతూ ఒంగోలు బస్సు గురించే ఆలోచిస్తోంది. అబ్బ, ఎంత కోరికగా ఉందో ఆమెకి! డబ్బు కోసమే అనుకుంటాడు ముదస్సిర్. డబ్బు చేదా ఏంటి, కానీ అదొక్కటే కాదు. కిటికీ పక్క సీటు కావాలి. ఇంకొల్లు దాటాక రోడ్డుకి రెండువైపులా కళ్ళాల్లో ఎర్రగా పరిచిన కాయల్ని, పగిలిన పత్తిని ఎవరికీ టీ పెట్టాల్సిన తొందర లేకుండా చూడాలి. క్యారేజీలో తనకిష్టమైన గోంగూర పెట్టుకోవాలి, అది ముదస్సిర్‌కి పడదు కాబట్టి ఈ ఇంట్లో వండి ఎన్నాళ్ళైందో. ఒక కుర్చీ ఉండాలి, అందులో కూర్చున్నప్పుడు ఇదిగో అని ఎవరూ లేపకూడదు. ఇంతే! చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

చెప్పుకోలేనిది ఇంకోటి కూడా ఉంది. పెళ్ళైన కొత్తలో ముదస్సిర్ యార్డు నుంచి రాగానే చేతులు సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ కడిగి, "ఇంకా ఘాటుందేమో చూడు," అని ముక్కు దగ్గర పెట్టేవాడు. మిరపకాయ చేతులు తగిలితే ఆమె ఒళ్ళు మండుతుందని ఆయన భయం. ఇప్పుడు వచ్చి చొక్కా విప్పి ఆమె మీదికి విసురుతాడు, అది నానబెడితే ఆమె చేతులు మండుతాయి. ఆయన చేతులు కడుక్కుంటే కడుక్కుంటాడు, లేకపోతే అలాగే అటు తిరిగి పడుకుంటాడు. ముట్టుకునేది ఉంటే కదా కడగడానికి. ఆ కొబ్బరినూనె వాసన కోసం ఆమెకి ఒక్కోసారి ఏడుపొస్తుంది.

డబ్బా మళ్ళీ నిండింది. పారబోయడానికి వంగినప్పుడు ఆ లావుపాటి కట్టు ముఖానికి ఎదురుగా వచ్చింది. ఇన్నాళ్ళూ కింద నేలే చూసింది గానీ పైన పైపును ఏనాడూ సరిగ్గా చూడలేదు. ఎవరో వచ్చి చూడాల్సిన పని అనుకుంది. ఆ ఎవరో రారు. దీన్ని విప్పి చూస్తే ఏమవుతుంది? ఇంతకన్నా ఎక్కువ కారుతుందా? కారితే కారనీ, తుడిచేది తనేగా!

గోడకున్న చిన్న కాక్ బలంగా తిప్పి నీళ్ళు కట్టేసింది. ట్యూబు ముక్క కోసి పారేసింది. టేపు చుట్టలు చుట్టలుగా ఊడొచ్చింది. నట్టు కాసేపు మొండికేసి, చివరికి తిరిగింది. లోపల రబ్బరు వాషరు రెండుగా చీలి ఉంది. దీన్ని చూసినవాళ్ళే లేరు, అందరూ పైన చుట్టినవాళ్ళే.

నజ్మీన్‌కి నాన్న గుర్తొచ్చాడు. ఆయన పేరు ఆదాం, దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. "నేసిన గుడ్డే చీకిపోయాక కుట్టు ఎంత బిగిస్తే అంత చిరుగుతుందిరా తల్లీ, ముందు గుడ్డ మార్చాలి," అనేవాడు. కరెంటు పోయినప్పుడల్లా ఆయన పరుపు అంచు కుడుతుంటే లాంతరు పట్టుకుని నిలబడేది తనే. "నా కన్నుకేం తక్కువ, నా కూతురుంది," అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. తను పెద్దదై, పెళ్ళై, ఇన్నేళ్ళు ఇన్ని పనులు చేసింది గానీ, తన పనికి దీపం పట్టుకుని పక్కన నిలబడినవాళ్ళు ఒక్కళ్ళు లేరు.

చీర కట్టుకుని, పాత పైపును పేపర్లో చుట్టుకుని బజారుకి వెళ్ళింది. హార్డువేరు కొట్టు బాపయ్య ఆమె వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీ ఆయన్ని పంపాల్సిందమ్మా. సైజులూ అవీ మీకేం తెలుస్తాయి?"

ఒళ్ళు మండింది. పేపరు విప్పి పైపు కౌంటరు మీద పెట్టింది. "సరిగ్గా ఇదే పొడవు. విడిగా రెండు వాషర్లు కూడా ఇవ్వండి."

"బిగించేదెవరు?"

"ఉన్నారులెండి," అంది. ఇల్లు చేరేదాకా ఆ మాటకి తనకే నవ్వొస్తూ ఉంది.

మధ్యాహ్నం నమాజు చేసుకుని అత్తగారు నడుం వాల్చిందని చూసి పనిలోకి దిగింది. ట్యాంకు వెనక మూల పట్టపగలే చీకటి. ఫోనులో టార్చి వేసి గడ్డం కింద ఇరికించుకుంటే జారింది, బకెట్టు మీద పెడితే వెలుగు ఎటో పోయింది. ఒక చేత్తో పైపు, ఒక చేత్తో నట్టు, మూడో చెయ్యి ఎక్కడినుంచి తేవాలి? ఎన్నిసార్లు పెట్టినా నట్టు మరల్లోకి ఎక్కడం లేదు.

"ఏం చేస్తున్నావమ్మాయ్ లోపల?"

గుమ్మంలో నసీమున్నీసా. ఇక అయిపోయింది అనుకుంది నజ్మీన్. ఆవిడ కోడలి తడిసిన చీరనీ, నేల మీది స్పానరునీ, ఊడిపోయిన కట్టునీ చూసింది. కొంగు ఎత్తి దోపుకుంది. ఆ తడినేల మీద, ఏ చుక్క చిందుతుందోనని అంత భయపడే మనిషి, చెప్పులు కూడా లేకుండా లోపలికి వచ్చేసింది.

"ఆ ఫోను ఇటివ్వు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పు."

నజ్మీన్ నట్టు ఎక్కాల్సిన చోటు వేలితో చూపించింది. వెలుగు సరిగ్గా అక్కడే పడింది, కదలకుండా నిలబడింది. నట్టు ఎక్కింది. బిగించి, కాక్ తిప్పింది. ఇద్దరూ వంగి చూశారు. ఒక చుక్క ఊరింది, వేలాడింది, రాలింది.

"నా వల్ల కాదు అత్తమ్మా," అని అలాగే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది నజ్మీన్. కారితే ఒంగోలు లేదు.

"కుట్టు తప్పు పడితే ఏం చేస్తావ్? ఏడుస్తూ కూర్చుంటావా, విప్పి మళ్ళీ వేస్తావా? విప్పు. నాకేం చెయ్యి నొప్పెట్టట్లేదు."

విప్పింది. ఈసారి వెలుగులో కనిపించింది, ట్యాంకు మూతికి పాత వాషరు ముక్క ఒకటి అతుక్కునే ఉంది. గోటితో గీకి తీసింది. కొత్తది కుదురుగా పెట్టి, చేత్తో ఎక్కించి, చివర్లో స్పానరుతో కొంచెం, కొంచెమే బిగించింది. నీళ్ళు వదిలింది. ట్యాంకు నిండి చప్పుడు ఆగిపోయింది. అత్తగారు నట్టు చుట్టూ వేలు తిప్పి, ఆ వేలిని వెలుగులో పెట్టి చూసుకుంది. పొడిగా ఉంది.

"నీకిది వచ్చని వాడితో అనకు," అంది ఆవిడ టార్చి ఆర్పుతూ. "చెప్పావంటే రేపటినుంచి ఇదీ నీ పనే అవుతుంది."

తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అంది. "నాకూ ఒంగోలు నుంచే కబురొచ్చింది, నర్సమ్మ ట్రైనింగుకి. అప్పటికి వీడింకా పుట్టలేదు. మీ మామ వద్దనలేదు. ఈ ఇంటికి స్లాబు పడనీ, తర్వాత చూద్దాం అన్నాడు."

"మరి?"

"పడిందిగా," అంది నసీమున్నీసా పైకి చూస్తూ. సాయంత్రం అసర్ అజాన్ అయితే కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకోవడానికి వెళ్ళింది. ఆ పూట తుడవమని అడగలేదు.

ముదస్సిర్ వచ్చాడు. తుమ్ముతూ బాత్రూంలోకి వెళ్ళి, అంతే వేగంగా బయటికొచ్చాడు.

"ఎవడొచ్చాడు ఇంటికి? నేను లేనప్పుడు ఎవణ్ణీ పిలవొద్దని చెప్పానా లేదా?"

"ఎవడూ రాలేదు," అంది నజ్మీన్. అత్తగారి సలహా గుర్తుంది. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నేనే బిగించాను."

"నేను టార్చి పట్టుకున్నాను," అంది నసీమున్నీసా మంచం మీద నుంచి.

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పకపకా నవ్వాడు. నిజంగానే సంబరపడ్డాడు పాపం. "అబ్బో! ఇంత పనిమంతురాలివని నాకు తెలీదే! అయితే మేడ మీద ట్యాంకులో నీళ్ళాపే బాల్ కూడా పోయింది, అది కూడా నువ్వే చూసెయ్. ఒంగోలు సంగతి అదయ్యాక చూద్దాం."

నజ్మీన్ అత్తగారి వైపు చూసింది. ఆవిడ స్లాబు వైపు చూస్తోంది.

బకెట్లో పడున్న స్పానరు తీసి, కొంగుతో తుడిచి, తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. మిరపకాయ ఘాటు గుప్పుమన్న చెయ్యి. ఒక్క క్షణం ఆ చేతిని వదలబుద్ధి కాలేదు, వదిలింది.

"ఆదివారం మీరు పైకెక్కండి. టార్చి నేను పట్టుకుంటాను," అంది.

తర్వాత ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళింది. అటు రింగవుతున్నంతసేపూ చెవి ఇంటివైపే ఉంది. లోపల చుక్క చప్పుడు లేదు.

"జయకుమారి గారా? నేనండీ," అని ఆగి, లోపల ఇద్దరికీ వినపడేలా గొంతు పెంచింది. "నేను నజ్మీన్‌ని. సోమవారం వస్తున్నాను."