ఆర్లిస్ చెప్పిన కాన్పు కథ

మా ఆవిడ ఆర్లిస్ చేసిన ఆపిల్ పై తినకుండా మా ఊరు దాటిన అభ్యర్థి లేడు. నాలుగేళ్లకోసారి, దేశాధ్యక్ష ఎన్నికల ముందు, మా అయోవా రాష్ట్రానికి వీళ్లు మిడతల దండులా వచ్చి పడతారు. పార్టీ ఒకటే, టికెట్ ఒకటే, కొట్టుకునేవాళ్లు మాత్రం డజను మంది. పార్టీ టికెట్ ఎవరికివ్వాలో తేల్చే మా పేట సభకి, అంటే కాకస్‌కి, ఆర్లిస్ పెద్ద. సభ జరిగే సాయంత్రం అందరూ బడి ఆటల హాల్లో, అదే జిమ్‌లో, చేరి తమకు నచ్చిన అభ్యర్థి మూలన నిలబడితే, తలలు లెక్కపెట్టేది ఆవిడే. పెళ్లయ్యాక ఒక్క కాకస్ కూడా మానలేదు. ఆవిడ్ని మంచి చేసుకుంటే సగం పేట తమదేనని అభ్యర్థుల ఆశ.

వచ్చినవాళ్లందరికీ ఆర్లిస్ ఒకటే కథ చెప్పింది. మా ఊరి ఆస్పత్రిలో కాన్పుల వార్డు మూసేశారు. గంట ప్రయాణం చేస్తేగాని ఇంకోటి లేదు. మా కోడలు కెండ్రా తొలి కాన్పు దారిలోనే, నా పికప్ ట్రక్కులోనే అయిపోయింది. బిడ్డను పట్టుకున్నది ఆర్లిస్సే. ఇప్పుడు కెండ్రాకి మళ్లీ నెలలు నిండుతున్నాయి, అదీ సరిగ్గా కాకస్ వారానికి. "ఆ వార్డు తెరిపిస్తారా?" అని ఆర్లిస్ అడిగితే, ఒక్కొక్కరూ గుండె మీద చెయ్యేసుకుని, "డిబేట్‌లో మీ మాటే ఎత్తుతాను" అన్నారు.

డిబేట్ రోజున ముగ్గురం టీవీ ముందు చేరాం. కెండ్రా కాళ్లు పీట మీద పెట్టుకుని కూర్చుంది. డజనులో అప్పటికి బరిలో మిగిలింది ఒక సెనేటరు, ఒక గవర్నరమ్మ, ఒక మేయరు. మొదటి ప్రశ్నకే సెనేటరు గారు గొంతు సవరించుకున్నారు.

"అయోవాలో నా స్నేహితురాలు ఆర్లిస్ ఉంది..."

ఆర్లిస్ నా మోకాలు గిల్లింది. "విన్నావా? నా పేరు!"

"ఆ భీకరమైన మంచు తుఫానులో, ఆవిడ కోడలు..."

"ఆగస్టు కదే," అన్నాను. "ట్రక్కులో ఏసీ పనిచేయక చెమటకి తడిసి ముద్దయ్యాను."

"నువ్వు కాస్త ఊరుకో! చెప్పనీ ఆయన్ని."

తర్వాత గవర్నరమ్మ అందుకుంది. ఆవిడ చెప్పిన దాంట్లో పుట్టింది కవలలు.

కెండ్రా నా వైపు తిరిగింది. "రెండోదాన్ని ఎక్కడ పెట్టాం మామయ్యా?"

"సీటు కింద చూశావా అమ్మా?"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆర్లిస్ నవ్వలేదు. మూడో ఆయన, మేయరు, తానేమైనా తక్కువ తిన్నాడా? ఆ పసికందును ఎత్తుకున్నప్పుడు కళ్లు చెమర్చాయన్నాడు. మా ఇంట్లో ఆయన ఎత్తుకున్నది ఆపిల్ పై పళ్లేన్ని, అదీ రెండోసారి.

"మరి ఆ వార్డు తెరిపిస్తారా?" అని ప్రశ్నలడిగే ఆవిడ సూటిగా అడిగింది. సెనేటరు కమిటీ వేస్తానన్నాడు. గవర్నరమ్మ ఆస్పత్రుల బిల్లు మీద సెనేటరు వేసిన పాత ఓటును తవ్వి తీసింది. మేయరు నోరు తెరిచేలోపు గంట మోగింది, ప్రకటనలు వచ్చాయి.

కెండ్రా నవ్వు ఆగిపోయింది. "నా కథ దేశమంతా విన్నారు అత్తయ్యా. నేనెక్కడ కనాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఈసారి నడి చలికాలం, నిజంగానే మంచు ఉంటుంది. నాకు భయమేస్తోంది."

ఆర్లిస్ టీవీ కట్టేసి, వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. "నెలలు నిండకముందే మనిద్దరం మా చెల్లెలింటికి పోదాం. కాన్పుల వార్డున్న ఆస్పత్రి వాళ్ల వీధి చివరే."

"మరి కాకస్?" అన్నాను. మనిషి అక్కడ లేకపోతే లెక్కలో లేనట్టే. అది ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు.

"నువ్వు వెళ్లు."

"ఎవరి మూలకి?"

"వార్డు ఎప్పుడు తెరుస్తారో చెప్పినవాళ్ల మూలకి," అంది. ముప్పై ఏళ్లకు పైగా ఆవిడ పండగ అది. నాకు జాలేసింది, గర్వంగానూ అనిపించింది.

కాకస్ రోజున నేను జిమ్‌లో అడుగు పెట్టేసరికి ఆర్లిస్ నుంచి ఫోన్ వచ్చింది. కెండ్రాకి నొప్పులు మొదలయ్యాయట, లోపలికి తీసుకెళ్లారట.

"రావోయ్ వెండెల్, మాకు ఒక్క తల తక్కువైంది!" అని సెనేటరు మూల నుంచి ఒకడు నన్ను కేకేశాడు. గవర్నరమ్మ మనుషులు బిస్కెట్లు చూపించారు. మేయరు మనిషి వచ్చి ఏకంగా చెయ్యే పట్టుకున్నాడు.

"మా కోడలు గంట దూరంలో కాన్పు గదిలో ఉంది," అన్నాను. "మన వార్డు ఎప్పుడు తెరుస్తారో చెప్పండి, వస్తాను."

అందరూ చేతుల్లో కాగితాలు తిరగేశారు. "ముందు నువ్వు రా, అవన్నీ తర్వాత చూద్దాం," అన్నారు.

ఆర్లిస్ బదులు లెక్కపెడుతున్న పక్కింటి జోలీన్ నా దగ్గరికొచ్చి ఆగింది. "నువ్వెవరి మనిషివి వెండెల్?"

"కెండ్రా మనిషిని."

"ఆ పేరుతో అభ్యర్థి లేరు కదయ్యా," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మూడు మూలలవాళ్లూ చూస్తుండగా, ఫోన్ చేతిలో పట్టుకుని, ఏ మూలకీ పోకుండా జిమ్ మధ్యలోనే నిలబడ్డాను. జోలీన్ నన్ను వదిలేసి పక్క తల లెక్కపెట్టుకుంది.