ఎవరి మోకాలు

మోకాలట, ముంపు ఎంత లోతు వచ్చిందో సెంటీమీటర్లలో రాయమని గడి గీసి మరీ ఇస్తే మోకాలని రాస్తారా ఎవరైనా, ఇంకో ఇంటివాళ్లు నడుమని రాశారు, ఇంకొకరు పిల్లదాని మెడ అని, నలభై కాగితాలూ తప్పని వెనక్కి కొట్టింది నేనే, ఇంజినీరు ఉద్యోగం వెలగబెడుతున్నాను కదా, ఎవరి మోకాలు అని ఎర్ర సిరాతో రాసి పంపాను, దానికి జవాబుగా ఇప్పుడీ ఎండలో వీధి వీధంతా గుమ్మాల ముందు నిలబడింది, పోయిన వానాకాలం నీళ్లు ఒంటిమీద ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ చెయ్యి పెట్టుకుని.

ఇదంతా వార్డు ప్రెసిడెంటు టైలరమ్మ పని, మెడలో టేపు తియ్యకుండానే సమావేశాలు నడుపుతుంది, ఎవరి మోకాలని అడిగావు కదమ్మాయ్, వచ్చి చూసుకో, మనిషిని నిలబెట్టకుండా నేనెప్పుడూ కొలత తియ్యలేదు అంది, నాకు ఒళ్లు మండింది, సాయంత్రానికి తీర్మానం కావాలి, ఏం కట్టాలో ఈ ఏడాది నుంచి వార్డే తేల్చుకోవచ్చు, పైవాళ్ల సంతకం అక్కర్లేదు, వానలకి నెల కూడా లేదు, కాలవ గట్టున కట్టాల్సిన గోడకి నేను ప్లానంతా గీసి సిద్ధంగా ఉంటే ఈ వేడుకేమిటి.

సరే కానిమ్మని మూడుకాళ్ల లెవెల్ మిషను నిలబెట్టి కన్ను ఆనించాను, అద్దంలో అడ్డగీత, ఎటు తిప్పినా ఒకే ఎత్తు చూపిస్తుంది, గీత మీద బస్సు డ్రైవరు వంగి మోకాలు పట్టుకున్న చెయ్యి, మెల్లగా తిప్పాను, ఇస్త్రీ ఆవిడ నడుము, అదే గీత, ఆమె కూతురు, ఆరేళ్లుంటాయేమో, మెడ దగ్గర బుల్లి చెయ్యి, అదే గీత, వీధి పల్లానికి దిగుతోంది, చేతులు మాత్రం దిగడం లేదు, మరోసారి తిప్పి చూశాను, నీళ్లు పోయి పది నెలలైందనుకున్నాను, పోలేదు, వీళ్ల ఒళ్లల్లో ఇంకా నిలబడే ఉన్నాయి, రెండు వేళ్ల తేడా లేకుండా, నాకు దండం పెట్టాలనిపించింది.

చివరింటి నర్సమ్మ దగ్గర మాత్రం చెయ్యి గీతకి జానెడు కింద, హమ్మయ్య తప్పు దొరికిందని సంబరపడి, పెద్దమ్మా చెయ్యి కాస్త పైకి పెట్టు అని కేకేశాను, ఎందుకు పెడతాను, నీళ్లు వెనక మిట్ట మీంచి వచ్చి మా పక్క సందులోంచే కాలవలోకి దిగిపోయాయి, పోయేచోట తగ్గవా అంది, కాలవలోంచి వచ్చాయని కదా నేను గోడ గీసింది, ఆ గోడ సరిగ్గా ఆ సందుకి అడ్డం, అది కట్టేస్తే ఈ చేతులన్నీ ఎక్కడిదాకా లేవాలి, పిల్లదాని చెయ్యి ఇప్పటికే మెడ దగ్గరుంది, మెడ పైన ఇంకేముంది, నోరు, ముక్కు.

గోడ వద్దు, సందు వెడల్పు చేద్దాం అన్నాను, టైలరమ్మ తలూపి, మరి నీ చెయ్యెక్కడమ్మాయ్, ఆవేళ నువ్వెక్కడున్నావ్ అంది, దెప్పడానికి కాదు, మామూలుగానే అడిగింది, ఆఫీసులో, మేడమీద, చెప్పులు కూడా తడవలేదు, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాను, ఇంతమందిలో ఆ నీళ్లు ఒంటికి తెలియనిదాన్ని నేనొక్కదాన్నే, గోడ గీసిందీ నేనే.