పియానో లేదని చెప్పిన శనివారం

శనివారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా మా చిన్న రేడియో స్టేషన్లో జాజ్ కార్యక్రమం నాది. కొత్తగా విడుదలైన ఆల్బమ్‌లు తెచ్చి వినిపిస్తాను. వినిపిస్తాను అనడం కన్నా, పాటకీ పాటకీ మధ్య నేను మాట్లాడతాను అంటే నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. పదకొండేళ్లుగా ఇదే పని. ఊళ్లో జాజ్ వినేవాళ్లు ఎందరున్నారో తెలియదు కానీ, వాళ్లందరికీ నేనే దిక్కని నా గట్టి నమ్మకం. ఒకప్పుడు ప్రతి ఆల్బమ్‌నీ ఇంట్లో రెండు మూడుసార్లు విని వెళ్లేవాణ్ణి. తర్వాత్తర్వాత మొదటి నిమిషం వింటే చివరి నిమిషం చెప్పేయగల స్థాయికి చేరుకున్నానని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ఆ శనివారం చేతికొచ్చిన కొత్త ఆల్బమ్‌తో పాటు ఒక వివరాల కాగితం కూడా ఉంది. చీమల బారులాంటి అక్షరాలు. కళ్లజోడు ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండిపోయింది. కవరు మీద ఖాళీ గదిలో ఖాళీ స్టూలు బొమ్మ. అది చాలు నాకు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి పాట వేశాను. శాక్సాఫోన్, బేస్, డ్రమ్స్ వినిపించాయి. ఎక్కడో దూరంగా టకటకమంటే పక్కగదిలో ఎవరో టైపు చేస్తున్నారనుకున్నాను.

పాట అయిపోగానే మైకు అందుకున్నాను.

"శ్రోతలారా, గమనించారా? ఈ బృందం పియానోని పూర్తిగా వదిలేసింది! ఎంత సాహసం! ఒక్క మెట్టు కూడా నొక్కలేదు. ఆ ఖాళీని వినండి. కవరు మీదున్న ఖాళీ స్టూలు చూడండి, మీకే అర్థమవుతుంది."

రేడియోలో కవరు ఎలా చూస్తారో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీ మీద ఆరు నిమిషాలు మాట్లాడాను. ఊపు మీదున్నాను. ఫోను మోగితే మెచ్చుకోలనుకుని కార్యక్రమంలోకే కలిపేశాను.

"సార్, ఆ పియానో వాయించింది నేనే," అంది ఒకావిడ.

"ఏ పియానో అండీ?"

"మీరు లేదన్నదే."

"ఎక్కడ వాయించారు?"

"మొదట్నుంచి చివరిదాకా."

ఆవిడ వెనక పాతిక ముప్ఫైమంది నవ్వు గొల్లున వినిపించింది.

"వాళ్లెవరండీ?"

"మా డిపో వాళ్లు సార్. నేను సిటీ బస్సు నడుపుతాను. నా మొదటి ఆల్బమ్ రేడియోలో వస్తోందని డ్యూటీ లేనివాళ్లందర్నీ పిలిచి కూర్చోబెట్టాను."

అక్కడైనా నోరు మూసుకుంటే పోయేది. "అంటే, లేదనిపించేంత సున్నితంగా వాయించారన్నమాట!" అన్నాను. ఫోను పెట్టేసిన చప్పుడు ఊరంతా విన్నది.

మా ఇంజినీరుని అందరం మౌని అంటాం. రోజుకి పది మాటలు దాటడు. కార్యక్రమం అవగానే అతని మీద పడ్డాను.

"పియానో ఉందని ఒక్క సైగ చెయ్యలేకపోయావా?"

"మీరంత గట్టిగా చెప్తుంటే నాదే భ్రమేమో అనుకున్నా సార్. మీరు మాట్లాడుతుండగా బయటికెళ్లి ఆ పాట కార్లో కూడా వేసుకుని విన్నా. అక్కడా ఉంది."

"ఈ హెడ్‌ఫోన్లు పాడైపోయాయి. కొత్తవి తెప్పించు."

అతను వాటిని తీసుకుని పెట్టుకున్నాడు, విన్నాడు, కుడిది ఎడమచెవికి వచ్చేలా తిప్పి నాకు తగిలించాడు. శాక్సాఫోన్ మాయమైంది. డ్రమ్స్, బేస్ దాని వెంటే పోయాయి. గలగలమంటూ పియానో ప్రత్యక్షమైంది.

"పాత పద్ధతిలో చేశారు సార్. పియానో ఒక్కటీ కుడివైపు, మిగతావన్నీ ఎడమవైపు," అన్నాడు మౌని. తర్వాత ఎంతో మర్యాదగా నేల చూపులు చూస్తూ, "హెడ్‌ఫోన్లు బానే ఉన్నాయి," అన్నాడు.

సోమవారం పొద్దున్నే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కుడివైపు నిలబడి ఏదో అన్నాడు.

"ఏమిటండీ?" అన్నాను.

"ఎన్నాళ్లుగా వినపడ్డం లేదని అడిగాను. అక్కర్లేదులెండి, తెలిసిపోయింది." లైటు వేసి లోపలికి చూశాడు. "గులిమి. గట్టిపడి బిరడాలా బిగుసుకుపోయింది. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"సంగీతం మీద రేడియోలో మాట్లాడతాను."

ఆయన చేతిలోకి తీసుకున్న సిరంజిని కాసేపు కింద పెట్టి, నవ్వుకుని, మళ్లీ తీసుకున్నాడు.

గోరువెచ్చటి నీళ్లతో ఒక్కసారి ఫట్‌మని ఏదో వదిలింది. బయటికొస్తే కుడివైపు ఇంకో వీధి ఉన్నట్టనిపించింది. షట్టరు ఎత్తుతున్న చప్పుడు, ఎవరిదో తాళాలగుత్తి, నా కుడికాలి చెప్పు కిర్రుమనడం. ఆ కిర్రుచప్పుడు బాగుందని రెండు వీధులు ఎక్కువ నడిచాను.

భోజనాల బల్ల దగ్గర మా ఆవిడ కూర్చునేది నాకు కుడివైపే. ఏడాదిగా పేరుకున్న గులిమని డాక్టరన్న సంగతి చెబితే ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అంటే ఏడాదిగా నా మాటలకి మీరు ఊ కొట్టింది వినకుండానా?"

"నువ్వు మాత్రం చెప్పొద్దూ, నేను వినట్లేదని!"

"మీ తీరే అంత అనుకుని సర్దుకుపోయానండీ."

ఆ సాయంత్రం వివరాల కాగితం డ్రాయర్లో పడేసి, ఆల్బమ్ మొదటినుంచి విన్నాను. శాక్సాఫోన్ తన మాట పూర్తి చేసేదాకా పియానో ఆగుతుంది. అందరూ దిగారా లేదా అని చూసుకున్నట్టు ఒక్క క్షణం ఎక్కువే ఆగి, అప్పుడు కదులుతుంది. మూడో పాటలో ఎడమచెయ్యి నాలుగే స్వరాల మీద నడుస్తుంటే, కుడిచెయ్యి ఏదో అనబోయి, సిగ్గుపడి, వెనక్కి తీసుకుని, ఇంకోలా అంటుంది. నాకు నవ్వొచ్చింది. సంగీతం వింటూ నవ్వి ఎన్నాళ్లయిందో! అయిపోగానే మళ్లీ మొదలుపెట్టాను. మా ఆవిడ పని ఆపి వచ్చి కూర్చుంది.

"దీన్నా మీరు లేదన్నది?" అంది.

మర్నాడు డిపోకి వెళ్లాను. గేటు దగ్గర నోరు తెరిచానో లేదో గొంతు గుర్తుపట్టి, "ఒరేయ్, పియానో లేదన్న సారొచ్చారు!" అని ఎవరో కేకేశారు. పియానో ఆవిడ చొక్కా చేతులు పైకి మడిచి టైర్లు తట్టి చూసుకుంటోంది. యాభై దాటి ఉంటాయి.

"చెవి మూసుకుపోయిందమ్మా. క్షమించాలి," అన్నాను.

"చెవి మూసుకుపోతే మీరేం చేస్తారు సార్? నోరు తెరిచారు చూడండి, అదీ బాధ." ఆవిడ చేతులు తుడుచుకుంది. "డ్యూటీకి ముందు స్కూలు హాల్లో గంటసేపు వాయించుకుంటా. పద్దెనిమిదేళ్లు. కొత్తగా ఏ ఆల్బమ్ వచ్చినా మీ నోట వినే కొంటా. అలాంటిది మీరే లేదంటే, వీళ్లందరి ముందూ..."

నేను రాసుకొచ్చిన క్షమాపణ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఏం చెయ్యమంటారు?" అన్నాను.

"మళ్లీ వెయ్యండి. మొత్తం. మధ్యలో మాట్లాడకండి."

"పరిచయం చెయ్యాలి కదమ్మా."

"ఒక్క వాక్యం."

తర్వాతి శనివారం మూడింటికి మైకు ముందు కూర్చుని, "పోయిన వారం ఈ ఆల్బమ్‌లో పియానో లేదన్నాను కానీ, లేనిది నా కుడిచెవి," అన్నాను. ఆవిడ పేరు చెప్పాలంటే ఇంకో వాక్యమవుతుంది, అయినా చెప్పేసి, అది సగం వాక్యమేనని సర్దుకున్నాను. నలభై ఒక్క నిమిషాలు ఆల్బమ్ నడిచింది. నాలుగుసార్లు నా చెయ్యి మైకు మీదికి పోయింది. నాలుగుసార్లూ మౌని అద్దం అవతలనుంచి వేలు చూపించాడు. ఆ తర్వాత మైకు సంగతే గుర్తు రాలేదు, వింటూ ఉండిపోయాను.

పదకొండేళ్లలో ఎప్పుడూ రానన్ని ఫోన్లు వచ్చాయి. అందరూ ఆవిడ గురించే అడిగారు. ఇకనుంచి ఇలాగే నడపమని కొందరు సలహా కూడా ఇచ్చారు. ఆఖరి ఫోను డిపో నుంచి, ఎవరో డ్రైవరు.

"సార్, ఆవిడకి ఇవాళ డ్యూటీ పడింది. బస్సులో రేడియో పెట్టుకోకూడదు కదా, వినలేదు. ఆవిడ బండి దిగాక చెప్తాం. మీరెలా ఉందన్నారని చెప్పమంటారు?"

ఆ నాలుగు స్వరాల గురించి, ఆ ఆగడం గురించి నా దగ్గర అరగంట ప్రసంగం తయారుగా ఉంది.

"బాగుందన్నానని చెప్పండి," అన్నాను.