చీమలు పట్టిన సున్నం

కాలువ గట్టు మీద గొంతుక్కూర్చుని భోజన్న రాయిని కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. ఎర్రచీమలు మోచేతి దాకా ఎక్కాయి. దులుపుకోవడం ఎప్పుడో మానేశాడు. నీళ్లలో నాని నాని అరికాళ్లు నెర్రెలిచ్చిన రేగడిలా ఉన్నాయి. నిజాం సర్కారు నాడు కుదిరిన కాలువ కావలి, లష్కర్ పని; తూము తలుపులు ఎత్తి దించడమే కాదు, గట్టును కాచుకోవడం కూడా. చెరకు పండే ఆ దిక్కున జనం బోధన్ అంగడికి నడిచేది ఈ గట్టు మీదే. పొద్దున్నే కమ్మే మంచులో అంచు తెలియాలంటే వరుస రాళ్లకు సున్నం ఉండాలి.

ఒక్కో లష్కర్‌కు ఒక్కో మైలు గట్టు. అతని మైలు దాటితే తోటి లష్కర్ దస్తగిర్ మైలు. అక్కడి రాళ్లు వానాకాలం వెళ్లినా తెల్లగానే ఉంటాయి. కూర్చోవడానికి బండ, పక్కన మూతపెట్టిన నీళ్ల కుండ. ‘దస్తగిర్ గట్టు’ అని జనం పేరే పెట్టేశారు. ముప్పై ఏళ్లలో ‘భోజన్న గట్టు’ అన్నవాడు ఒక్కడు లేడు. పైగా నిరుడు మంచులో అంగడికి బీడీలు మోసుకెళ్లే రాధాబాయి కాలుజారి కాలువలో పడింది భోజన్న మైలులోనే. ఎవరో చెరకు గడ అందిస్తే పట్టుకుని బయటపడింది.

వానకు కారిపోకుండా దస్తగిర్ సున్నంలో చెరకు మడ్డి కలుపుతాడని మొన్ననే చెవిన పడింది. బెల్లం వండేచోటు నుంచి కుండెడు తెచ్చి కుమ్మరించాడు భోజన్న. రాళ్లు గోధుమరంగుకు తిరిగాయి. చీమలు పట్టాయి. రేపే అంగడి.

మధ్యాహ్నం భార్య శంకరమ్మ వచ్చి సద్దిగంప దించింది.

“గింత పొద్దుబోయిందేంది?”

“దస్తగిరన్న బండ మీద జెర కూసున్న.”

“మన గట్టు మీద జాగ లేదా?”

“ఉన్నది. సీమలు లేస్తే కూసుంట.”

చేతిలో ముద్ద తిరిగి గంపలో పెట్టేశాడు. సొంత పెళ్లామే వాడి బండ ఎక్కింది! చెయ్యి కడుక్కుని లేచాడు. కొలత అడిగితే ఓడిపోయినట్టే. అడగకపోతే రేపు ఇంకో రాధాబాయి.

దస్తగిర్ బండ మీద చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. చలికాలమైనా నుదుట చెమట.

“మడ్డి ఎంత పోస్తవన్నా?” నేల చూస్తూ అడిగాడు భోజన్న.

“బాల్చీకి గిద్దెడు. నువ్వు కుండెడు పోసినవంట!” దస్తగిర్ నవ్వి, దగ్గి, ఛాతీ రాసుకున్నాడు. “సిగ్గుపడకు భోజన్నా. మొదటేడు నేను గూడ గట్లనే పోసిన. సీమలు లుంగీల జొర్రినయి. గట్టు మీద ఒక్కటే దునుకుడు!”

భోజన్న నవ్వు ఆపుకున్నాడు. అంత తేలిగ్గా చెప్పేయడం అతన్ని ఇంకా మండించింది. దాచుకుని ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

గిద్దెడు మడ్డితో కొత్త సున్నం కలిపి పూస్తూ పోతే, పొద్దు వాలేసరికి చివరి రాయీ తెల్లబడింది. హద్దురాయి దగ్గర నిలబడి కేకేశాడు: “దస్తగిరన్నా! సూడు, ఎవని గట్టు తెల్లగున్నదో!”

బండ మీది మనిషి తలెత్తలేదు. వెళ్లి భుజం తాకాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. భోజన్నకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. చూడకుండానే పోయాడు.

మర్నాడు అంగడి జనం మంచులో తెల్లరాళ్ల వెంట నడిచారు. ఎవరూ జారలేదు.

“దస్తగిరన్న గీడిదాక సున్నమేసి పోయిండు, పాపం,” అంది రాధాబాయి, బీడీల గంప సర్దుకుంటూ.

భోజన్న పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు.

హద్దురాయి అవతల, బండ పక్కన దస్తగిర్ బాల్చీ అట్లాగే ఉంది. అడుగున పేరుకున్న సున్నంలో కుంచె నిలువునా దిగబడి ఉంది. చుట్టూ ఒక్క చీమ లేదు.